క్యాసెట్ మీద నా పేరు

మొన్న ఆదివారం గరాజ్ సర్దుతుంటే చెప్పుల పెట్టె నిండా పాత క్యాసెట్లు బయటపడ్డాయి. అమ్మ సూట్‌కేసులో అన్నిటికన్నా పైన పెట్టి పంపిన సుప్రభాతం, తెనాలిలో రికార్డింగ్ షాపు ముందు నిలబడి ఒక్కో పాటా ఏరుకుని చేయించుకున్న ఇళయరాజావి నాలుగు, అన్నిటికన్నా అడుగున తొంభై నిమిషాల క్యాసెట్ ఒకటి. దాని అట్ట మీద నీలం బాల్‌పెన్నుతో, వంకర టింకర పెద్దక్షరాల్లో 'లాస్ సూపర్ సెవెన్' అని రాసి ఉంది. కింద ఇంకో గీత గీసి 'పారా ఫనూ' అని. ఫనూ కోసం, అని అర్థం.

ఆ ఫనూని నేనే. అదేం పేరయ్యా అంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1998 ఆగస్టులో ఎమ్మెస్‌కని టెక్సస్‌లో కింగ్స్‌విల్ అనే ఊరికి వచ్చాను. ఆ ఊరి పేరు వినగానే నవ్వుకునే తెలుగువాళ్ళు ఈ పోస్టు చదివేవాళ్ళలో కనీసం పదిమంది ఉంటారని నాకు తెలుసు. మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద తెలుగు తప్ప వేరే భాష వినపడేది కాదు. మెట్లు దిగి రోడ్డు దాటితే మాత్రం స్పానిష్. కిరాణా షాపులో స్పానిష్, లాండ్రీలో స్పానిష్, రేడియోలో ఏ స్టేషన్ తిప్పినా స్పానిష్. అమెరికా అంటే ఇంగ్లీషే అనుకుని, టోఫెల్ కోసం నాలుక అరగదీసుకుని వచ్చినవాణ్ణి, నాకు అదేదో మోసంలా అనిపించింది! నుయేసెస్ నదికి దక్షిణాన ఉన్న ఆ నేల మాదంటే మాదని మెక్సికో, అమెరికా కొట్టుకుని 1848లో గానీ తగువు తేలలేదని, ఆ మనుషులు మనకన్నా, ఆ మాటకొస్తే అక్కడి తెల్లవాళ్ళలో చాలామంది కన్నా ముందు నుంచీ అక్కడే ఉన్నారని తెలుసుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

ఇక పేరు సంగతి. మా నాన్న పాస్‌పోర్టు ఫారం నింపించేటప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరంతా ఒకే గడిలో ఇరికించారు. వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు అయి కూర్చుంది. అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్, ఎన్, యూ అని మూడక్షరాలు వచ్చాయి. అదేదో వీసా కోడ్ అనుకున్నాను. యూనివర్సిటీ కార్డు మీద కూడా అదే, క్లాసులో అటెండెన్స్ అదే, రెండో సెమిస్టర్‌లో కెఫెటీరియాలో పని దొరికితే అక్కడి టైమ్ కార్డు మీద కూడా అదే.

గిన్నెలు కడిగే గది నా డ్యూటీ. గంటకు 5 డాలర్ల 15 సెంట్లు, వారానికి ఇరవై గంటలు. 220 రూపాయలు, 220 రూపాయలు అని లోపల లెక్కేసుకుంటూ కడిగేవాణ్ణి, అలా లెక్కేసుకోని స్టూడెంట్ ఎవడూ లేడు. ఎంగిలి ట్రేలు బెల్టు మీద వరసగా వస్తుంటాయి, ఒకడు పైప్‌తో నీళ్ళు కొట్టాలి, ఇంకొకడు ర్యాక్‌లో సర్ది మెషీన్లోకి తొయ్యాలి. పైప్ దగ్గర నేను, మెషీన్ దగ్గర ఒక పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. మొదటి రోజు నా కార్డు చేతిలోకి తీసుకుని, కళ్ళు చికిలించి, కూడబలుక్కుని 'ఫనూ' అని చదివాడు. అవునన్నాను. కాదని చెప్పి, ఇరవై ఆరు అక్షరాల పేరు ఆ ఆవిరి గదిలో నిలబడి ఏం విడమరుస్తాం? అప్పట్నుంచి ఫనూ, లేకపోతే మిహో. మిహో అంటే నాయనా అన్నట్టు. మాలో మేం ఆయన్ని కెఫెటీరియా తాత అనేవాళ్ళం, ఎదురుగా అయితే సెన్యోర్.

ఆ గదిలో ఆయనకో టూ-ఇన్-వన్ ఉండేది. ఆవిరికి పాడవకుండా దాన్ని అన్నం గిన్నెల మీద చుట్టే ప్లాస్టిక్ కాగితంతో మూడు చుట్లు చుట్టి, బటన్ల దగ్గర మాత్రం చాకుతో కోసి పెట్టుకున్నాడు. ఏరియల్ విరిగిపోతే దాని మొండానికి అల్యూమినియం ఫాయిల్ ఉండ. దాంట్లోంచి పొద్దస్తమానం అకార్డియన్ వాయించే పాటలే. మొదటి రెండు వారాలూ నాకు అవన్నీ ఒకే పాటలా వినపడ్డాయి. ఇంత పెద్ద యూనివర్సిటీలో నాకే ఈ గది దొరకాలా అని కూడా అనుకున్నాను.

ఒక రోజు మాత్రం ఆ వాయిద్యం ఎందుకు పరిచయంగా ఉందో తట్టింది. హార్మోనియం! మా తాతయ్యకి పద్య నాటకాల పిచ్చి. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళేవాడు, తెల్లవారుజాము దాకా. స్టేజీకి ఒక పక్కన కాళ్ళ హార్మోనియం పెట్టుకుని ఒకాయన కూర్చునేవాడు, కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే ఈయన వెనకాలే వచ్చేవాడు, రాగం సాగితే తనూ సాగేవాడు, ఆగితే తన ముక్క తను వాయించి మళ్ళీ అప్పజెప్పేవాడు. కెఫెటీరియా తాత రేడియోలో అకార్డియన్ చేస్తున్నదీ సరిగ్గా అదే పని. పాట లైను అయిపోగానే దూరి నాలుగు గమకాలు పలికించి తప్పుకోవడం. మన హార్మోనియం యూరప్ నుంచే వచ్చింది. వీళ్ళ బటన్ అకార్డియన్ కూడా జర్మన్ల దగ్గర్నుంచి వచ్చిందే. పంతొమ్మిదో శతాబ్దంలో టెక్సస్‌కి వలస వచ్చిన జర్మన్లు, చెక్‌లు పోల్కాలు వాయించుకుంటుంటే విని, మెక్సికన్లు దానికి బాహో సెక్స్తో అనే పన్నెండు తీగల గిటారు జతచేసి తమ సొంతం చేసేసుకున్నారు. కొన్ఖుంతో అంటారు ఆ సంగీతాన్ని. ఇంకో పోలిక, మన దగ్గర పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరుస్తారు చూడండి, వీళ్ళు పాట మధ్యలోనే గొంతు చించుకుని 'ఆయ్ ఆయ్ ఆయ్' అని కేక పెడతారు. తాత చేతిలో ప్లేట్ల ర్యాక్ పట్టుకుని మరీ పెట్టేవాడు. సూపర్‌వైజర్ తలుపు తీసి చూసి మళ్ళీ మూసేసేది.

ఈ హార్మోనియం సంగతి వచ్చీ రాని ఇంగ్లీషులో (ఇద్దరిదీ అదే స్థాయి) ఆయనకి చెప్పాను. ఎంత అర్థమైందో గానీ రెండు రోజుల తర్వాత ఏప్రన్ జేబులోంచి ఈ క్యాసెట్ తీసి ఇచ్చాడు. ఆయన కొడుకు దగ్గర సీడీ ఉందట, దాన్నుంచి ఎక్కించి తెచ్చాడు. అది 1999 మార్చి మొదటివారం. అంతకు కొద్ది రోజుల ముందే ఆ ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది, మెక్సికన్-అమెరికన్ సంగీతం విభాగంలో. ఆయన మొహంలో గర్వం చూడాలి, ఆ అవార్డు ఏదో తన మేనల్లుడికి వచ్చినట్టు.

లాస్ సూపర్ సెవెన్ అంటే ఏడుగురు మొనగాళ్ళు. పేరుకి తగ్గట్టే ఏడుగురూ ఎవరికి వాళ్ళు అప్పటికే పెద్ద పేరున్నవాళ్ళు, ఒక్క ఆల్బమ్ కోసం కలిశారు, 1998లో. లాస్ ఏంజెలెస్ తూర్పు పేటల నుంచి వచ్చిన లాస్ లోబోస్ బ్యాండ్‌లోంచి డేవిడ్ హిదాల్గో, నల్లకళ్ళద్దాలు తియ్యని సీజర్ రోసాస్. శాన్ ఆంటోనియో నుంచి అకార్డియన్ రారాజు ఫ్లాకో హిమెనెస్. రియో గ్రాండే లోయ నుంచి ఫ్రెడ్డీ ఫెండర్. తెహానో, అంటే టెక్సస్ మెక్సికన్ల, ఆర్కెస్ట్రాల రూబెన్ రామోస్. నాష్‌విల్ కంట్రీ పాటల్లో అప్పటికే నంబర్ వన్ కొట్టిన కుర్రాడు రిక్ ట్రెవీనో. ఏడోవాడు లబ్బక్‌లో పెరిగిన జో ఈలీ, వీళ్ళలో తెల్లవాడు ఇతనొక్కడే. వీళ్ళందర్నీ కూర్చోబెట్టి రికార్డు చేయించింది లాస్ లోబోస్‌లోనే శాక్సోఫోన్ వాయించే స్టీవ్ బెర్లిన్.

ఇంతమందిని ఒకచోట చేర్చారంటే నాకు మన మల్టీస్టారర్ సినిమాలు గుర్తొస్తాయి. ఒకాయనకి నాలుగు ఫైట్లు ఉంటే రెండో ఆయనకీ నాలుగే ఉండాలి, లేకపోతే థియేటర్ దగ్గర కుర్చీలు లేస్తాయి. ఇందులో ఆ గొడవ లేదు. ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు వెనక్కి జరిగి వాయిస్తుంటారు, ఒక్కోసారి ఎవరు వాయిస్తున్నారో కూడా తెలియదు. పైగా కొత్త పాటలు కట్టే ప్రయత్నమే పెద్దగా చెయ్యలేదు. దాదాపు అన్నీ వాళ్ళ అమ్మలూ నాన్నలూ వంటింట్లో, పొలంలో పాడుకున్న పాతవే, రాంచేరాలు, బొలేరోలు. 'మి రాంచీతో' అని ఒకటి ఉంది, మా చిన్న పల్లె అన్నట్టు. అది వచ్చినప్పుడు తాత మెషీన్ ఆపేసేవాడు. బెల్టు మీద ట్రేలు పేరుకుపోయేవి, పైప్ నా చేతిలో కారుతూ ఉండేది, ఇద్దరం నిలబడిపోయేవాళ్ళం. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా ఊరి చెరువు గట్టు మాత్రం కనిపించేది.

ఆయన ప్రాణమంతా ఫ్రెడ్డీ ఫెండర్ మీదే. ఇద్దరిదీ ఒకే ప్రాంతం, ఒకే బతుకు, చిన్నప్పుడు ఏటా పంటల వెంట ఉత్తరాదికి కూలికి పోయిన కుటుంబాలు. ఒక రోజు అడిగాడు, ఫ్రెడ్డీ అసలు పేరు తెలుసా నీకు అని. బాల్దెమార్ హువెర్తా. శాన్ బెనీతో అనే చిన్న ఊళ్ళో 1937లో పుట్టాడు. 1950ల చివర్లో, తెల్లవాళ్ళకు కూడా నోరు తిరగాలని పేరు మార్చుకున్నాడు, ఫెండర్ అన్నది గిటారు మీద రాసి ఉన్న కంపెనీ పేరు! దానికి సరిపడేలా ముందు ఫ్రెడ్డీ తగిలించాడు. ఆ పేరుతో పైకొస్తుండగానే 1960లో గంజాయి కేసులో పట్టుకుని లూసియానాలో జైల్లో వేశారు, మూడేళ్ళ దాకా. బయటికొచ్చి మెకానిక్ పని కూడా చేశాడు. మళ్ళీ 1975లో, సగం ఇంగ్లీషు సగం స్పానిష్ పాటతో దేశం మొత్తం మీద నంబర్ వన్. ఇదంతా చెప్పి తాత, "పేరుదేముంది ఫనూ, గొంతు మారలేదుగా" అన్నాడు. ఫ్లాకో కూడా అసలు పేరు కాదట, లియొనార్డో ఆయన పేరు, ఫ్లాకో అంటే బక్కోడు, అదీ నాన్న నుంచి వచ్చిన పిలుపే. రూబెన్ రామోస్‌ని నల్లపిల్లి అంటారట. మా ఊళ్ళో బక్కోడి మనవడు, పిల్లోడి కొడుకు అని పిలిచినట్టే అని నేను నవ్వాను. ఆ లెక్కన ఫనూ ఏమంత బాలేని పేరు కాదు అనిపించింది.

ఆ నెలలోనే స్ప్రింగ్ బ్రేక్‌కి అయిదుగురం పాత కరోలాలో దక్షిణానికి, సౌత్ పాద్రే ఐలాండ్ బీచ్‌కి వెళ్ళాం. పులిహోర, చిప్స్, ఈ క్యాసెట్. వాళ్ళు నలుగురూ రెండు పాటలకే తిట్టి తీయించేశారు, అది వేరే సంగతి. వెళ్ళేటప్పుడు దారిలో శాన్ బెనీతో బోర్డు కనిపిస్తే నేనొక్కణ్ణే కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. (తర్వాతెప్పుడో వెళ్ళినప్పుడు ఊరి వాటర్ ట్యాంక్ మీద ఫ్రెడ్డీ బొమ్మ చూశాను.)

తిరిగొచ్చేటప్పుడు, కింగ్స్‌విల్‌కి ఇంకా కొంత దూరం ఉందనగా, హైవే మీద బోర్డర్ పోలీసుల చెక్‌పోస్టు. దక్షిణం నుంచి వచ్చే ప్రతి బండినీ ఆపి, ఏ దేశం వాళ్ళని అడుగుతారు. సీనియర్లు లక్షసార్లు చెప్పారు, పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ వీసా కాగితం) లేకుండా అటు వెళ్ళొద్దని. నలుగురూ తీసి చూపించారు. నా పాస్‌పోర్టు ఇంట్లో, సుప్రభాతం క్యాసెట్ పక్కన, సూట్‌కేసులో ఉంది. ఆ టెన్షన్ ఇప్పటికీ నా కాళ్ళల్లో ఉంది, నిజం. యూనివర్సిటీ కార్డు ఇచ్చాను. ఆఫీసర్ చూసి, నీ పేరేంటి అన్నాడు. చెప్పాను. కార్డు మీద అది లేదే అన్నాడు. అదే అండీ, అదంతా ఇంటిపేరు అయిపోయింది, అసలు పేరు చోట ఆ కోడ్ వచ్చింది అన్నాను. ఆయన నవ్వాడు. పాపం మంచిగానే చెప్పాడు, అది కోడ్ కాదు బాబూ, 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అని. పేరు తెలియదు అని!

బండి పక్కకి తీయించి నన్ను లోపల బెంచీ మీద కూర్చోబెట్టారు, కంప్యూటర్‌లో చూసి తేల్చడానికి గంటన్నర పట్టింది. అదే బెంచీ మీద అటు చివర ఒకతను, నా వయసే ఉంటుంది, టోపీ మోకాలికి తగిలించుకుని, బూట్లకి ఎర్రమట్టి. నన్ను చూసి స్పానిష్‌లో ఏదో అడిగాడు, నా రంగు చూసి తమవాడే అనుకున్నట్టున్నాడు. తెలియదన్నట్టు తల ఊపాను. అతను కూడా ఊపాడు. తర్వాత వచ్చి అతన్ని లోపలికి తీసుకెళ్ళారు. నన్ను వెళ్ళిపొమ్మన్నారు, ఇంకోసారి కాగితాలు మర్చిపోకు అని చెప్పి మరీ. తప్పు పూర్తిగా నాదే. కార్లో మిగతావాళ్ళు నేనొచ్చేసరికి పులిహోర ఖాళీ చేసేశారు.

సోమవారం డ్యూటీలో ఆ ఆల్బమ్ పెట్టాను. అందులో జో ఈలీ ఇంగ్లీషులో పాడిన పాట ఒకటి ఉంది, 'డిపోర్టీ', దేశం నుంచి తిప్పి పంపేసినవాడు అన్నట్టు. అంతకు ముందు పదిసార్లు విన్నాను, ఏదో విమానం కూలిన పాట అనుకుని వదిలేశాను. ఆ రోజు రివైండ్ చేసి చేసి విన్నాను, తడి వేళ్ళతో ఆ ప్లాస్టిక్ కాగితం కింద బటన్ దొరక్క నానా అవస్థా పడుతూ. 1948 జనవరి 28న కాలిఫోర్నియాలో లాస్ గాటోస్ లోయలో ఒక విమానం కూలింది. పళ్ళ తోటల్లో పని చేసి తిరిగి మెక్సికోకి పంపేయబడుతున్న 28 మంది, ముగ్గురు సిబ్బంది, ఒక గార్డు, మొత్తం 32 మంది పోయారు. వార్తల్లో ఆ నలుగురి పేర్లూ చెప్పి మిగతావాళ్ళని ఉత్తి 'డిపోర్టీలు' అన్నారని ఉడీ గథ్రీ అనే అమెరికన్ జానపద గాయకుడు ఒళ్ళు మండి కవిత రాశాడు. పదేళ్ళ తర్వాత మార్టిన్ హాఫ్‌మన్ అనే స్కూల్ టీచర్ దానికి బాణీ కట్టాడు. చాలామంది పాడారట. నేను విన్నది మాత్రం జో ఈలీది, అదీ ఎంగిలి ప్లేట్ల మధ్య.

ఆ స్పానిష్ పాటలన్నిటి మధ్యా ఈ ఇంగ్లీషు పాటని, అదీ తెల్లవాడి గొంతులో, ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది. పక్కవాళ్ళకి కూడా తెలియాలిగా. తాతకి చెక్‌పోస్టు సంగతి, ఎఫ్‌ఎన్‌యూ అర్థం చెప్పాను. ఆయన మెషీన్ ఆపలేదు, కేక పెట్టలేదు. కాసేపటికి, అయితే నీ అసలు పేరేంటి అన్నాడు. ఇరవై ఆరు అక్షరాలూ విడగొట్టి చెప్పాను. మూడుసార్లు ప్రయత్నించాడు, మధ్యలో ఎక్కడో శ్రీకీ నికీ మధ్య ఇరుక్కుపోయేవాడు. నాలుగోసారి దాదాపు వచ్చేసింది. "బ్వేనో," అని మళ్ళీ ట్రేల మీదకి వంగి, "సోప్ అందుకో ఫనూ" అన్నాడు.

2000లో చదువైపోయి డాలస్‌లో ఉద్యోగానికి వెళ్ళిపోయాను. క్రిస్మస్‌కి ఒక కార్డు పంపాను, ఆయన కోడలు రాసినట్టున్న జవాబు వచ్చింది, ఆ తర్వాత నేనే రాయలేదు. 2001లో ఆ గుంపు పేరుతో ఇంకో ఆల్బమ్ వచ్చింది, బ్రెజిల్ నుంచి కయెటానో వెలోసో, పెరూ నుంచి సుసానా బాకా కూడా చేరారు. కొన్నాను. గొప్పగానే ఉంది, పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. నాకు మాత్రం అందులో ఆవిరి వాసన రాలేదు. 2005లో మూడోది కూడా వచ్చింది. 2006 అక్టోబర్‌లో ఫ్రెడ్డీ ఫెండర్ పోయాడని చదివి తాత నంబర్ వెతికాను, పాత డైరీలో దొరికింది, చేస్తే ఆ నంబర్ పనిచెయ్యడం లేదని మెషీన్ చెప్పింది. 2025 జులై 31న ఫ్లాకో కూడా వెళ్ళిపోయాడు, 86 ఏళ్ళు.

ఆ విమానంలో పోయిన 28 మందినీ ఫ్రెస్నోలో ఒకే గోతిలో పూడ్చి, పైన మెక్సికో పౌరులు 28 మంది అని మాత్రం ఒక పలక పెట్టారు. 65 ఏళ్ళు అలాగే ఉంది. 2013 సెప్టెంబర్‌లో, టిమ్ హెర్నాండెజ్ అనే రచయిత, ఇంకొందరు కలిసి వాళ్ళ పేర్లన్నీ వెతికి పట్టుకుని కొత్త రాయి చెక్కించి పెట్టారు. ఆ రాయి ఫొటో ఆఫీసులో లంచ్ టైమ్‌లో చూశాను. పెద్దది చేసుకుని, కూడబలుక్కుంటూ ఒక్కొక్క పేరూ చదివాను, పప్పన్నం చల్లారిపోయింది.

ఆ మరుసటి ఏడాది నా సిటిజన్‌షిప్ ఫారం నింపుతున్నాను, ఈసారి ఇంటిపేరు గడి ఖాళీగా వదల్లేదు లెండి. అందులో ఒక ప్రశ్న ఉంటుంది, ఇంతకుముందు వేరే పేర్లేమైనా వాడారా అని. ఎఫ్‌ఎన్‌యూ అని రాశాను. కాసేపాగి పక్కనే, చిన్న అక్షరాల్లో, ఫనూ అని కూడా రాయబోతుంటే మా ఆవిడ పెన్ను లాక్కుంది.

క్యాసెట్ ప్లేయర్ మాత్రం ఇంట్లో లేదు. ఎవరి దగ్గరైనా పనిచేసేది పడి ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాను.